ఊరి కట్టుబాటు: దాని పుట్టుక, దాని మార్పు, దాని అమలు



పదిమంది ఒకచోట కలిసి బ్రదుకవలెనన్న ఏదో యొక కట్టుబాటు ఉండక తీరదు. ఎవరి మురుగునీరు ఏ దిక్కునకు పారవలెను, ఇంటి అరుగు వీధిలోనికి ఎంతవరకు రావచ్చును, చెరువులో బట్టలుతుకు రేవు ఏది, త్రాగునీటి రేవు ఏది, సంతలో గంప దించుకొన్నవాడు ఎంత రుసుము చెల్లింపవలెను అను ప్రశ్నలు పైకి చిన్నవిగనే కనబడును. కాని రాజధానిలో జరుగు పెద్ద శాసనములతో మనకు ఏడాదికొకమారు పని పడిన పడును, లేకున్న లేదు. ఈ చిన్న కట్టుబాట్లతో మాత్రము తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు పని పడుచునే యుండును.

పట్టణములలో ఈ కట్టుబాట్లకు ఉపవిధులని పేరు. వాడుకలో బైలాలందురు. ఇవి ఎట్లు పుట్టును? ఒకసారి పుట్టినవానిని ఎవరు మార్చగలరు? మీరినవానిని ఎవరు, ఏ విధముగా దండింపగలరు? ఈ మూడు ప్రశ్నలకును చరిత్ర చెప్పు సమాధానమును నేడు మీ యెదుట ఉంచదలచినాను. నేను గూడూరు వాడను. మాది రైలుమార్గములు చీలు కూడలి. నిమ్మకాయల వర్తకమునకును, చుట్టుప్రక్కల దొరకు అభ్రకమునకును పేరొందిన పట్టణము. ఇట్టి అంగడి పట్టణములో నివసించువానికి వీధి ఎవరిది అను ప్రశ్న ప్రతిదినము ఎదురగుచునే యుండును. కనుకనే ఈ విషయమును ఎన్నుకొంటిని.

మొట్టమొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. వీధులను శుభ్రముగా ఉంచవలెనను చట్టము తెల్లవారు తెచ్చినదని కొందరు తలచుచుందురు. అది సత్యము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరికుడను నగరాధికారి విధులకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. వీధిలో చెత్త పారవేసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురదగాని నీరుగాని నిలువజేసినవానికి నాలుగవ వంతు దండుగ అని అందు విధింపబడినది. అదే తప్పు రాజమార్గమున చేసినయెడల దండుగ రెట్టింపు. జలాశయముల చెంతను దేవాలయముల చెంతను మలమూత్రములు విడిచినవారికిని దండుగ కలదు. అయితే రోగముచేతగాని ఔషధసేవచేతగాని అట్లు జరిగినచో దండింపరాదని కూడ ఆ శాస్త్రకారుడే చెప్పినాడు. ఈ మినహాయింపు గమనింపదగినది. కట్టడి చేయువాడు మనుష్యుని అశక్తతను ఎరిగియుండవలెనను వివేకము అందు గోచరించుచున్నది. ఎన్నో శతాబ్దులు మరుగున పడియున్న ఈ గ్రంథము 1905 లో మైసూరున ఆర్. శామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909 లో అచ్చయినది.

స్మృతికర్తలును ఈ విషయమును విడువలేదు. మనువు పేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదములలో సంవిద్వ్యతిక్రమము ఒకటి. సంవిత్తనగా పదిమంది కూడి చేసికొన్న ఒడంబడిక. దానిని మీరుట రాజు విచారింపదగిన తప్పు. నారదుడు దీనినే సమయమును తప్పుట అని వ్యవహరించెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెనుగు చేసినాడు. తన దశకుమార చరిత్రమును తిక్కనసోమయాజికి అంకితమిచ్చిన కేతన ఈయనయే. మన నెల్లూరు మండలపు కవికాలముననే ధర్మశాస్త్రము తెనుగున చదువుకొను అవకాశము ఏర్పడినదనుట మనకు గర్వకారణము. ఊరివారు చేసికొన్న కట్టుబాటు ఊరివారిదే. దానిని కాపాడు భారము మాత్రము రాజుది. పూర్వుల న్యాయము ఇది.

ఇక మార్పు మాటకు వత్తము. కట్టుబాటును చేయుట కంటె దానిని సక్రమముగా మార్చుట కష్టము. దీనికి మిక్కిలి స్పష్టమైన ప్రాచీన నిదర్శనము మనకు పొరుగున, కాంచీపుర ప్రాంతమునందలి ఉత్తరమేరూరులో శిలాక్షరములతో నేటికిని నిలిచియున్నది. మొదటి పరాంతక చోళుని కాలమున, 919 లో ఆ ఊరి సభవారు తమ సంఘముల సభ్యులను ఎన్నుకొను పద్ధతిని నిర్ణయించి శిలపై చెక్కించిరి. రెండేండ్లు గడచినవి. ఆ పద్ధతిలో లోపములు బయటపడినవి కాబోలు, 921 లో సభవారు మరల సమావేశమై రెండవ శాసనము వేయించిరి. మొదటి కట్టడిలో సభ్యుని వయస్సు 30 మొదలు 60 వరకు ఉండవలెనని యుండగా, రెండవ దానిలో 35 మొదలు 70 వరకు అని మార్చిరి. ఊరిని 30 వాడలుగా విభజించి, యోగ్యుల పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, ఏమియు ఎరుగని బాలునిచేత తీయించెడివారు. తీసిన ఆకును అందరు వినునట్లు చదువవలెను. పూర్వము సంఘములో నుండి లెక్కలు అప్పగింపనివాడును, వాని బంధువులును ఆ కుండలో పేరు వేయించుకొనుటకు అర్హులు కారు. ఏటేట పనిచేయు సంఘమునకు 12 మంది, తోటల సంఘమునకు 12 మంది, చెరువు సంఘమునకు ఆరుగురు.

ఈ శాసనములను చూచి మురిసిపోవుటతో తృప్తి చెందరాదు. ఆ సభలో చోటు భూమియు వేదాధ్యయనమును గల బ్రాహ్మణ గృహస్థులకే. స్త్రీలకు లేదు, కష్టించి దున్నువారికి లేదు. ఆ కొరత ఉన్నమాట నిజము. అయినను మనము వారినుండి నేర్చుకొనదగినది ఒకటి కలదు. పాత కట్టడి పనికిరాదని తోచినప్పుడు వారు దానిని చాటున విడిచిపెట్టలేదు. ఒకనికి ఒక విధముగా, మరియొకనికి మరియొక విధముగా నడపలేదు. ఏ సభ చేసినదో ఆ సభయే మరల కూడి, ఏ గోడపై చెక్కించినదో ఆ చోటనే, అందరు చూచునట్లు మార్పును చెక్కించినది. నేటి న్యాయశాస్త్రములో ఉపవిధుల సవరణకు మూలమైన సూత్రము సరిగా ఇదియే.

తెలుగు తీరమున మరియొక నిదర్శనము కలదు. చీరాలకు సమీపమున సముద్రపుటొడ్డున మోటుపల్లి అను రేవు ఒకప్పుడు దేశదేశముల నావలకు నిలయమైయుండెను. గాలివానకు చిక్కి ఓడ ఒడ్డున పడినచో అందలి సరుకంతయు రాజు బలిమిని గైకొనుట ఆనాటి ఆచారము. సముద్రము ముంచగా మిగిలినది రాజు ముంచెడివాడన్నమాట. కాకతీయ గణపతిదేవుడు శకవర్షము 1166 లో, అనగా క్రీస్తుశకము 1244 ప్రాంతమున, అక్కడ అభయశాసనము వేయించి ఆ దురాచారమును మాన్పెను. ప్రాణముల కెగబడి సముద్రముమీద వచ్చు వర్తకునకు ధనము ప్రాణసమానమని తలచి, నిర్ణీతమైన సుంకము తప్ప మిగిలినదంతయు విడిచిపెట్టుచున్నామని ప్రకటించెను. ఎగుమతులమీదను దిగుమతులమీదను ముప్పదింట ఒక వంతు సుంకమని అందు నిర్ణయింపబడినది. కాకతీయ రాజ్యము 1323 లో అంతరించినది. రాజు పోయిన పిమ్మట రాజు మాటకు విలువ ఏమని వర్తకులు సందేహించుట సహజము. కనుకనే రెడ్డిరాజైన అనపోతారెడ్డి 1358 లో అదే మోటుపల్లిలో మరల శాసనము వేయించి, కొన్ని సుంకములను తగ్గించి, వచ్చి నివసింపగోరు వర్తకులకు అభయమిచ్చెను. మారిన కట్టడిని మారినదని అందరికి తెలియజేయవలెను. నిలుపదలచిన కట్టడిని నిలుపుచున్నామని కూడ తెలియజేయవలెను. అట్లు తెలుపని కట్టడిని ఎవరును నమ్మరు.

మన నెల్లూరు మండలమునందలి శాసనములను బట్టర్‌వర్తు దొరయు వేణుగోపాలచెట్టిగారును సేకరించి 1905 లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. వానిని తిరుగవేసినచో దానములు, చెరువులు, కాలువలు, సుంకముల మినహాయింపులు కనబడును. మన పూర్వులకు కట్టుబాటనగా వ్రాసి అందరి కంటికి కనబడునట్లు నిలిపిన మాట. చెవిలో చెప్పిన మాట కట్టుబాటు కాదు.

ఇంగ్లీషువారి పాలనలో ఈ విషయము క్రొత్త రూపు దాల్చినది. 1687 లో రెండవ జేమ్సు రాజు అనుమతితో ఈస్టిండియా కంపెనీవారు చెన్నపట్టణమునకు నగరపాలన సనదు ఇచ్చిరి. మరుసటి ఏట అది ఆచరణలోనికి వచ్చెను. మేయరును ఆల్డర్మెనులును ఏర్పడిరి. స్వదేశీయులకును కొంత చోటు కల్పింపబడెను. జనుల ప్రతినిధుల నోటనే పన్ను పలికించినచో జనులు సులభముగా చెల్లింతురను ఆశయే ఇందలి ముఖ్యోద్దేశము. అంతటినుండి నేటివరకు పురపాలన చరిత్రలో పన్నును ప్రాతినిధ్యమును జోడెడ్ల వలె నడచుచున్నవి. ఒకటి ముందునకు లాగి, మరియొకటి వెనుకబడినప్పుడెల్ల కాడి విరిగినది.

1850 లో ఒక చట్టము వచ్చెను. అది ఊరివారు తామే కోరుకొన్నగాని వర్తింపదు. మన రాజధానిలో దానిని కోరుకొన్న ఊళ్లు బహుస్వల్పము. 1865 లో పదవ చట్టము, 1871 లో మూడవ చట్టము వచ్చి పట్టణములలో పురపాలక సంఘములను నెలకొల్పినవి. 1882 మే నెలలో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి ప్రసిద్ధమైన తీర్మానము వెలువరించెను. దానిననుసరించి 1884 లో చెన్నరాజధాని జిల్లా పురపాలక చట్టము, తరువాత 1920 లో దానికి మారుగా అయిదవ చట్టము ఏర్పడెను. ఎన్నికైన సభ్యులకు అధికారము క్రమముగా పెరిగినది. అయినను ఏ ఊరు పురపాలక సంఘము కావలెను, ఏ ఊరు కానక్కరలేదు అను నిర్ణయము మాత్రము సర్కారువారి చేతిలోనే నిలిచినది. ఆ ఒక్క అధికారము ఎంతటి కల్లోలమునకు దారితీసెనో చీరాల పేరాలల చరిత్ర చెప్పుచున్నది.

నేను బడిలో చరిత్ర చెప్పు దినములలో ఈ కథ పాఠ్యపుస్తకమున కొలది పంక్తులతో ముగిసెడిది. అది అన్యాయము. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట అను నాలుగు ఊళ్లు కలిసి ఒక యూనియనుగా ఉండెను. అందు అధికులు నేతపనివారు, చిన్న వర్తకులు, సేద్యగాండ్రు. యూనియను పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. 1919 లో సర్కారువారు వీనిని పురపాలక సంఘముగా మార్చిరి. పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరుగునని లెక్క తేలినది. జనులు అర్జీలు పెట్టిరి. సభలు చేసిరి. మాకు ఈ సంఘము వలదని పలుమారు విన్నవించుకొనిరి. వినువారు లేకపోయిరి. అంతట ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకుడై నిలువగా పన్నుల నిరాకరణము సాగినది. కొందరు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు కలదు.

1921 ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. పన్ను చెల్లింపక శాంతముతో శిక్ష ననుభవించుట ఒక మార్గము, పురపాలక సంఘపు ఎల్లలు దాటి ఊరు విడిచిపోవుట మరియొక మార్గమని ఆయన సూచించెను. జనులు రెండవ దానిని ఎన్నుకొనిరి. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, ఎల్లలకు ఆవల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి. ఎండకు ఎండిరి, వానకు తడిసిరి. మగ్గములు మోసికొనిపోయిరి. రామదండు సేవకులు కావలి కాచిరి. ఆ ఏటనే గోపాలకృష్ణయ్యగారిని బరంపురమున నిర్బంధించి ఏడాది శిక్షపై తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. నాయకుడు లేక, ధనము లేక, 1922 లో జనులు మరల తమ ఇండ్లకు చేరుకొనిరి.

ఈ గాథను వీరగాథగా చెప్పుట కద్దు. అది వీరగాథయే. కాని నేను నేడు దానియందు మరియొక విషయము చూపదలచినాను. ఆ జనులు కట్టుబాటును ద్వేషించినవారు కారు. రామనగరములో వారు తమకు తామే వీధులు తీర్చుకొనిరి, పంచాయతి ఏర్పరచుకొనిరి, కట్టుబాట్లు చేసికొనిరి. వారు వలదన్నది తమ నడుగక తమ నెత్తిన పెట్టిన కట్టుబాటును. తమ అభ్యంతరమును వినిపించుటకు తగిన ద్వారము లేనందున పదమూడు వేల మంది తమ ఇండ్ల ద్వారములను మూసికొని పోవలసివచ్చెను. ఆ ద్వారము నేడు మనకు ఉన్నది. ఉన్నదని ఎరిగినవారెందరు? తట్టినవారెందరు? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే ప్రాణము.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాతను మన ప్రాంతమున 1920 నాటి చట్టమే సాగినది. తెలంగాణమున 1956 నాటి హైదరాబాదు చట్టము వేరుగ నుండెను. 1965 లో ఆరవ చట్టముగా ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము వచ్చి రెంటి స్థానమును ఆక్రమించెను. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన డెబ్బది నాలుగవ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు రాజ్యాంగమునందే చోటు కల్పించెను. సంఘమునకు అయిదేండ్ల కాలపరిమితి, స్త్రీలకు మూడవ వంతుకు తక్కువ గాని స్థానములు, షెడ్యూలు కులములకును తెగలకును జనసంఖ్యను బట్టి స్థానములు, పండ్రెండవ షెడ్యూలులో 18 విషయములు అందు పేర్కొనబడినవి. ఉత్తరమేరూరు కుండలో పేరు వేయ వీలులేకపోయినవారి పేర్లు వేయి సంవత్సరముల తరువాత ఆ కుండలో పడినవని చెప్పవచ్చును. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మా గూడూరును నెల్లూరునుండి తిరుపతి జిల్లాలో చేర్చిరి. జిల్లా పేరు ఏదైనను పురపాలక చట్టము మాత్రము మారలేదు.

ఇప్పుడు సవరణ జరుగు మార్గమును వివరింతును. పట్టణపు కట్టడిలో మూడు అంతస్తులు కలవు. మొదటిది చట్టము; దానిని శాసనసభ మాత్రమే మార్చగలదు. రెండవది నియమములు, వీనిని చట్టమునకు లోబడి రాష్ట్రప్రభుత్వము చేయును. మూడవది ఉపవిధులు, వీనిని పట్టణపు కౌన్సిలు చేయును. క్రింది అంతస్తు పై అంతస్తును మీరరాదు. చట్టము ఇయ్యని అధికారమును ఉపవిధి తెచ్చుకొనజాలదు. మీరు తరచుగా వినునట్టి కౌన్సిలు తీర్మానము వేరు, ఉపవిధి వేరు. తీర్మానము కౌన్సిలు తన పనిని నడుపుకొనుటకు. ఉపవిధి పురజనుల నడవడికి.

ఉపవిధిని క్రొత్తగా చేయవలెనన్న ముందుగా ముసాయిదా తయారు కావలెను. ఆ ముసాయిదాను ప్రకటింపవలెను. ఫలానా తేదీ వరకు అభ్యంతరములను స్వీకరింతుమని చెప్పవలెను. వచ్చిన అభ్యంతరములను కౌన్సిలు ఆలోచింపవలెను. పిమ్మట కౌన్సిలు ఆమోదించి ప్రభుత్వమునకు పంపవలెను. ప్రభుత్వము సమ్మతించిన తరువాత ప్రకటింపబడినగాని అది అమలులోనికి రాదు. మరి చేసిన ఉపవిధిని మార్చుటెట్లు, రద్దు చేయుటెట్లు? దీనికి 1897 నాటి జనరల్ క్లాజుల చట్టములో ఒక సూత్రము కలదు. చేయుటకు అధికారము గలవానికి మార్చుటకును రద్దు చేయుటకును అధికారము కలదు. కాని ఏ త్రోవను చేసెనో ఆ త్రోవనే, ఆ షరతులకే లోబడి మార్చవలెను. అనగా అభ్యంతరములు వినకుండ, ఆమోదము పొందకుండ, ఒక అధికారి నోటిమాటచేతగాని ఒక సభ్యుని ప్రాపకముచేతగాని ఉపవిధి మారదు. ఉత్తరమేరూరు సభవారు ఆచరించి చూపినదియు ఇదియేకదా.

ముసాయిదా ప్రకటనకును గడువు తేదీకిని నడుమ నున్న ఆ కొలది దినములే నేను చెప్పిన ద్వారము. చీరాలవారికి దొరకనిది అదియే. మనలో పెక్కుమందికి ఆ దినములు వచ్చినట్లును పోయినట్లును తెలియదు. కార్యాలయపు పలకపై కాగితము అంటించియుండును. ఎండకు వెలసి, గాలికి చిరిగి, గడువు తీరును. ఆ తరువాత రుసుము పెరిగినప్పుడు అరుగులమీద కూర్చుండి నిందింతుము. సమయమున పలుకని నోరు తరువాత ఎంత అరచినను ఫలము స్వల్పము.

ఉపవిధి అమలులోనికి వచ్చిన పిమ్మట దానిని ప్రశ్నించుటకు అవకాశము లేదా యన్న, కలదు. ఇంగ్లండులో కెంటు మండలపు కౌన్సిలువారు, నివాసగృహమునకు యాభై గజముల లోపల వీధిలో పాడరాదు, వాద్యము వాయింపరాదు, మానుమని చెప్పినప్పుడు మానవలెను అని ఒక ఉపవిధి చేసిరి. భక్తిగీతములు పాడుచున్న యొకనిని దానిక్రింద శిక్షించిరి. ఆ వ్యవహారము 1898 లో క్రూజు, జాన్సను అను పేర్లతో న్యాయస్థానమునకు పోయెను. ప్రధానన్యాయమూర్తి రస్సెల్ ప్రభువు ఆ ఉపవిధిని నిలువబెట్టెను గాని, ఒక కొలతను కూడ నిర్ణయించిపోయెను. జనులు ఎన్నుకొన్న సంఘము చేసిన ఉపవిధిని న్యాయస్థానములు సానుభూతితో చూడవలెను. కాని అది ఒక తరగతికి ఒక విధముగా, మరియొక తరగతికి మరియొక విధముగా పక్షపాతముతో వర్తించినను, స్పష్టముగా అన్యాయమైనను, దురుద్దేశముతో చేసినదైనను, జనుల హక్కులను కారణములేక అణచివేసినను చెల్లదని ఆ తీర్పు సారాంశము. మన దేశపు న్యాయస్థానములును ఈ తీర్పును తరచుగా స్మరించుచున్నవి.

ఇక అమలు సంగతి. పురపాలక సంఘము కట్టడి చేయును, కాని శిక్ష విధించు న్యాయాధికారి అది కాదు. మీరినవానికి మొదట తాఖీదు ఇయ్యవలెను. ఏమి తప్పు, ఎన్నాళ్లలో సరిదిద్దవలెను అని అందు వ్రాయవలెను. సరిదిద్దనియెడల కొన్ని విషయములలో సంఘమే ఆ పని చేయించి ఖర్చును రాబట్టుకొనవచ్చును. పన్ను బాకీయైనచో చరాస్తిని జప్తు చేయవచ్చును. దండుగ వేయవలసివచ్చినప్పుడు మేజిస్ట్రేటు ఎదుట నేరారోపణ చేయవలెను. ఆయన ఉభయుల మాటలు విని తీర్పు చెప్పును. మానక సాగించు తప్పునకు దినమునకింత అని అదనపు దండుగయు పడవచ్చును.

చట్టమున ఇట్లున్నది. ఆచరణమెట్లున్నది? నేనెరిగిన ఒక పట్టణములో కాలువను కప్పి మేడమెట్లు కట్టినవారికి ఏండ్ల తరబడి తాఖీదు రాలేదు. ఆ మెట్ల ప్రక్కన ఆకుకూరల గంప పెట్టుకొన్న ముసలిదానిని మాత్రము వారమునకొకమారు లేవగొట్టెడివారు. వీధిని ఆక్రమించినది ఇరువురును. ఒకరి ఆక్రమణ రాతితో కట్టినది, మరియొకరిది వెదురుతో అల్లినది. వెదురు తేలిక కనుక దానిని తీసివేయుట సులభము. కట్టడి తక్కువవానిమీదనే పడినప్పుడు జనులకు కట్టడిమీదనే ఏవగింపు కలుగును. చెత్త వీధిలో పారవేయుట తప్పని వారికి తెలియకపోలేదు; తప్పు చేసినను తప్పించుకొనువారిని చూచి చూచి వారి మనస్సు మొద్దుబారినది.

ఈ విషయమున మన సర్వోన్నత న్యాయస్థానము రెండు మాటలు చెప్పినది. బొంబాయిలో కాలిబాటలపై గుడిసెలు వేసికొన్నవారిని తొలగించు వ్యవహారమున, ఓల్గా టెల్లిసు కేసని పేరొందిన 1985 నాటి తీర్పులో, కాలిబాటను ఆక్రమించుట హక్కు కాదని చెప్పుచునే, జీవనోపాధి జీవించు హక్కులో భాగమనియు, సాధారణముగా ముందు తెలుపక, వాని మాట వినక తొలగింపరాదనియు పలికెను. ఆకుకూరల ముసలిదానికిని తాఖీదు పొందు అర్హత కలదన్నమాట. 2014 లో వీధి వర్తకుల రక్షణకై పార్లమెంటు ప్రత్యేకముగా ఒక చట్టమును కూడ చేసినది.

రెండవ మాట అంతకంటె ముఖ్యము. మధ్యప్రదేశములోని రత్లాము పట్టణమున ఒక వార్డువారు మురుగుకాలువలు లేక, దుర్గంధము భరింపలేక, మేజిస్ట్రేటును ఆశ్రయించిరి. కాలువలు కట్టుమని ఆయన పురపాలక సంఘమును ఆజ్ఞాపించెను. ధనము లేదని సంఘమువారు సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయి వాదించిరి. 1980 లో కృష్ణయ్యరుగారు తీర్పు చెప్పుచు, ధనము లేదను సాకుతో సంఘము తన చట్టబద్ధ విధినుండి తప్పించుకొనజాలదని నిర్ణయించిరి. కనుక అమలనగా పురజనులపై సంఘము చేయు అమలు మాత్రమే కాదు. సంఘముపై పురజనులు చేయు అమలును కలదు. ఒక వార్డులోని సామాన్యులు పట్టుదలతో నిలిచినందున ఆ న్యాయము దేశమంతటికిని లభించినది.

పట్టణపు మాటలు మాకెందుకని గ్రామవాసులు తలపవలదు. 1993 ఏప్రిలు 24 నుండి అమలులోనున్న డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణమును, 1994 నాటి మన పంచాయతిరాజ్ చట్టమును గ్రామసభకు చోటిచ్చినవి. వోటరు జాబితాలో పేరున్న ప్రతివాడును గ్రామసభలో సభ్యుడే. చెరువు రేవును గూర్చియు, సంతరుసుమును గూర్చియు, దారి ఆక్రమణను గూర్చియు అడుగుటకు అది తగిన చోటు. మీలో పెక్కుమంది సంతకును, కచ్చేరికిని, వైద్యమునకును పట్టణమునకు వచ్చుచుందురు. అచ్చటి కట్టడి మీ గంపకును మీ బండికిని వర్తించును. కావున పట్టణపు ముసాయిదాపై అభ్యంతరము చెప్పుటకు మీరును వెనుదీయ నక్కరలేదు.

చదువనేర్చిన పెద్దలకు ఈ సందర్భమున మూడు పనులు నివేదించుచున్నాను. కార్యాలయమునకు పోయినప్పుడెల్ల ప్రకటనల పలకను ఒకసారి చదువుడు. చదివినదానిని చదువరానివారికి వినిపింపుడు. పూర్వము టముకు వేయువాడు చేసిన పని నేడు మనమే చేయవలసియున్నది. రెండవది, అభ్యంతరమును నోటితో చెప్పక కాగితముపై వ్రాసి, తేదీ వేసి ఇచ్చి, అందినట్లు రసీదు పుచ్చుకొనుడు. వ్రాయని మాట దప్తరములో నిలువదు. మూడవది, మన యింటి అరుగు మొదట సరిచూచికొనుడు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అను సామెత మనకు తగులకుండవలెను. తన మెట్లు కాలువపై నుండగా పొరుగువాని పందిరిమీద అర్జీ పెట్టువాని మాటను ఎవరును వినరు.

రామనగరపు పాకలు నేడు లేవు. ఆ ఇసుకలో ఎండకు ఎండిన నేతగాండ్రును గతించిరి. వారు పదునొకండు నెలలు కష్టపడి అడిగినది, మమ్ము అడిగి కట్టడి చేయుడని మాత్రమే. నేడు ప్రతి ముసాయిదా క్రిందను మీ అభ్యంతరములు తెలుపుడని అచ్చువేసియుండు ఆ ఒక్క పంక్తిలో వారడిగినది మనకు చేరినది. తరువాతి ముసాయిదా మీ పట్టణపు పలకమీద ఎప్పుడు కనబడునో చూచుచుండుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.